చేరదీసిన బియర్డెడ్ డ్రాగన్‌కి ఇల్లు: బరంపురం నుంచి కొరాపుట్ దాకా మనవాళ్ళు అడిగే ప్రశ్నలు

హాస్టల్ ఖాళీ చేస్తూ కుర్రాళ్ళు వదిలేసినవి, బదిలీ మీద వెళ్ళిపోతూ పక్కింటివాళ్ళకి అంటగట్టినవి, అమ్ముడుపోక కొట్లో చిక్కిపోయినవి. బియర్డెడ్ డ్రాగన్లు, అంటే తొండలాంటి పెంపుడు బల్లులు, మన చేతికి ఎక్కువగా ఇలాగే వస్తాయి. వీటిని పెంచడం గురించి దొరికే సలహాలు చాలామటుకు చలిదేశాల ఇళ్ళని మనసులో పెట్టుకుని రాసినవి. అక్కడివాళ్ళ బెంగంతా వేడి ఎలా పుట్టించాలా అని. దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు మనకి వేడి ఊరికే దొరుకుతుంది. దాన్ని పెట్టెలో ఒక మూలకి కట్టడి చెయ్యడం, తేమని బయటికి నెట్టడం, ఎముకలకి కావలసిన వెలుగు ఇవ్వడం మన పని. కింది జవాబులన్నీ ఆ లెక్కలోనే ఉంటాయి.

ఇది ఉడుమా? తొండా? ఊసరవెల్లా?

మన పెరటి తొండకి దూరపు చుట్టం. రెండూ అగామిడే కుటుంబానివే. దీని పుట్టిల్లు ఆస్ట్రేలియా నడిమధ్యలోని ఎండు నేలలు, శాస్త్రీయ నామం పోగోనా విట్టిసెప్స్. తోకతో కలిపి 45 నుంచి 60 సెంటీమీటర్లు పెరుగుతుంది. బాగా చూసుకుంటే పదేళ్ళు బతుకుతుంది, అంతకన్నా ఎక్కువ బతికినవీ ఉన్నాయి. గొంతు కింద ముళ్ళ సంచి ఉంటుంది. భయం వేసినా, కోపం వచ్చినా అది ఉబ్బి నల్లబడుతుంది. విషం లేదు.

వీధిలో ఎవరైనా చూసి 'గోధి' అని కర్ర పట్టుకుని వస్తే కంగారు పడకండి, ఉడుము కాదని చెప్పండి. ఉడుము మన వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు, దాన్ని ఇంట్లో ఉంచుకుంటే జైలు ఖాయం. తొండనో ఊసరవెల్లినో పట్టుకొచ్చి ఇదే పెట్టెలో పెంచుదామన్న ఆలోచన కూడా మానుకోండి.

ఇంట్లో ఉంచుకుంటే ఫారెస్టు వాళ్ళు ఏమైనా అంటారా?

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు. సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం) జాబితాల్లో ఉన్న విదేశీ జంతువుల్ని ఉంచుకునేవాళ్ళు వాటిని నమోదు చేసుకోవాలని ఆ సవరణ చెప్తోంది. దానికి 2024లో నియమాలు వచ్చాయి, నమోదు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో జరుగుతుంది. ఆ జాబితాలు మారుతూ ఉంటాయి. అందుకని జంతువు చేతికొచ్చిన వారంలోనే మీ డివిజనల్ ఫారెస్టు ఆఫీసులో ఒక కాగితం ఇవ్వండి: ఏ జాతి, ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, ఏ తేదీ, రెండు ఫొటోలు. ఒక నకలు మీద వాళ్ళ ముద్ర వేయించుకుని దాచండి. ఆస్ట్రేలియా తన జంతువుల ఎగుమతిని 1960ల నుంచే ఆపేసింది కాబట్టి, పెంపకంలో ఉన్నవి దాదాపు అన్నీ మనుషుల దగ్గర పుట్టినవాటి సంతానమే. అయినా ఇచ్చినవాళ్ళ దగ్గర కొన్న రసీదు ఉంటే అడిగి తీసుకోండి.

ఇంటికి తెచ్చిన మొదటి రోజున ఏం చెయ్యాలి?

చాలా తక్కువ. కాగితం పరిచిన పెట్టె, ఒక పక్క వేడి, ఒక పక్క దాక్కునే చోటు, కాసిన్ని నీళ్ళు. తర్వాత దాని మానాన దాన్ని వదిలెయ్యండి. చుట్టాల్ని పిలిచి చూపించకండి, చేతుల్లోకి ఎత్తుకోకండి, పిల్లలతో ఫొటోలు తియ్యకండి. చేతులు మారిన జంతువు వారం, ఒక్కోసారి రెండు వారాలు సరిగా తినదు. గడ్డం నల్లగా పెట్టుకుని ఓ మూల కూర్చుంటుంది. పొట్ట మీద నల్లటి గీతలు కనిపించవచ్చు. అదంతా బెదురు.

ఎత్తుకోవలసింది ఒక్క పనికే, తూకానికి. వంటింటి డిజిటల్ తక్కెడ మీద వారానికోసారి తూచి, గ్రాముల్లో గోడ క్యాలెండర్ మీద రాయండి. ఇది బాగుపడుతోందో క్షీణిస్తోందో మన కంటికన్నా ఆ అంకె ముందు చెప్తుంది.

మొదటి రెట్ట తాజాగా ఉండగానే చిన్న డబ్బాలో తీసి పశువుల డాక్టరు దగ్గర పరీక్ష చేయించండి. వదిలేసిన డ్రాగన్లలో కాక్సీడియా అనే పేగుల్లోని పరాన్నజీవులు, నులిపురుగులు మామూలే. ఇంట్లో ఇంకో సరీసృపం ఏదైనా ఉంటే కనీసం రెండు మూడు నెలలు వేరే గదిలో, వేరే గిన్నెలతో ఉంచాలి.

పెట్టె ఎంత ఉండాలి? దేనితో చేయించాలి?

పెరిగిన జంతువుకి నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల లోతు, రెండు అడుగుల ఎత్తు. ఇది కనీసం. దీనికన్నా చిన్నదైతే ఒక మూల వేడి, ఒక మూల చల్లదనం ఇవ్వడం కుదరదు, పెట్టె మొత్తం ఒకే వేడిలో ఉడుకుతుంది.

కొనే పని పెట్టుకోకుండా మన వడ్రంగి మేస్త్రి చేత చేయించుకోవడమే మేలు. నీటికి తట్టుకునే ప్లైవుడ్, ముందు పక్కకి జరిగే అద్దాలు, పైన సగం మేర ఇనప జల్లెడ, రెండు పక్కలా గాలి రంధ్రాలు. ఒక పక్క రంధ్రాలు కిందగా, రెండో పక్క పైగా పెట్టించండి. చల్లగాలి కిందనుంచి వచ్చి వేడెక్కి పైనుంచి పోతుంది. మూసేసిన కొట్టులోంచి పాత షోకేసు దొరికితే అదీ పనికొస్తుంది, వెనక పలకకి రంధ్రాలు పొడిపిస్తే చాలు. వార్నీషు, జిగురు వాసన పూర్తిగా పోయేదాకా ఎండలోనూ గాలిలోనూ ఆరబెట్టాకే జంతువుని లోపల పెట్టాలి. కాళ్ళు పెట్టించి నేలకి ఎత్తుగా ఉంచండి. చెద భయం తగ్గుతుంది, చీమల సంగతి కింద చెప్తాను.

చేపల తొట్టి మాత్రం ఈ కోస్తా తేమకి పనికిరాదు. నాలుగు పక్కలా అద్దం, గాలి ఆడదు. పైగా అద్దంలో తన నీడనే చూసుకుని ఇంకో డ్రాగన్ అనుకుని గంటల తరబడి గీరుతూ ఉంటుంది.

ఇక్కడి ఎండలకి మళ్ళీ వేడి బల్బు ఎందుకు? కరెంటు దండగ కదా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే, అడగాల్సిందే కూడా. మన ఒంట్లో వేడి మనమే పుట్టించుకుంటాం. డ్రాగన్‌కి ఆ ఏర్పాటు లేదు. తిన్నది అరగాలంటే రాతి మీదో కొమ్మ మీదో పడుకుని ఒళ్ళు కాచుకోవాలి, ఎక్కువైతే నీడలోకి పోవాలి. ఈ రెండు చోట్ల మధ్య అటూ ఇటూ తిరగడమే దాని ఆరోగ్యం. మే నెలలో రాయగడ మిద్దె గది మొత్తం 38 డిగ్రీలు ఉంటే వేడి ఉన్నట్టే, కానీ పారిపోవడానికి చల్లటి చోటు లేదు. జూలైలో బరంపురంలో గది 29 ఉంటే హాయిగానే ఉంటుంది, కానీ మినుము గింజంత పురుగు అరగడానికి కూడా ఆ వేడి చాలదు.

కాచుకునే చోట, రాతి పైభాగం మీద 38 నుంచి 42 డిగ్రీలు ఉండాలి. చల్లటి మూల 24 నుంచి 29. రాత్రి 18 నుంచి 24 దాకా దిగినా మంచిదే. పగలు పన్నెండు గంటలు వెలుగు, రాత్రి పూర్తి చీకటి. రాత్రిపూట ఎర్ర బల్బు పెట్టమని కొట్టువాడు అమ్ముతాడు. దానికి ఆ వెలుగు కనిపిస్తుంది, నిద్ర పాడవుతుంది. కొనకండి.

బల్బు వాట్లు కాలాన్ని బట్టి మార్చుకోవాలి. డిసెంబరులో 75 లేదా 100 వాట్ల హాలోజెన్, మేలో 40 వాట్ల మామూలు గుండు బల్బు, అదీ పొద్దున్న ఏడు నుంచి పదకొండు దాకా. గది 36 దాటిన రోజున వేడి బల్బు పూర్తిగా ఆపెయ్యండి, యూవీబీ ట్యూబు (ఎముకలకి కావలసిన అతినీలలోహిత కిరణాలిచ్చే దీపం, కింద చెప్తాను) మాత్రం వెలగనివ్వండి. గడ్డకట్టిన నీళ్ళ సీసాని గుడ్డలో చుట్టి చల్లటి మూలన పెట్టండి. మిద్దె కప్పు కింది గది కన్నా కింది అంతస్తులో, పడమటి ఎండ తగలని గోడ పక్కన పెట్టె పెట్టుకుంటే సగం బాధ తప్పుతుంది.

కాచుకునే రాయి మీద నోరు కొద్దిగా తెరుచుకుని కూర్చుంటే మామూలే, ఒంట్లో వేడి బయటికి పంపుకుంటోంది. చల్లటి మూలకి వెళ్ళినా నోరు మూయకుండా, కాళ్ళు చాచేసి నీరసంగా ఉంటే అది వడదెబ్బ. వెంటనే చల్లటి గదిలోకి మార్చి, గోరువెచ్చని నీళ్ళతో తడిపిన గుడ్డ కింద పరిచి, డాక్టరుకి ఫోన్ చెయ్యండి. ఐసునీళ్ళలో ముంచకండి.

ఈ వేడి కొలిచేది దేనితో?

చెయ్యి పెట్టి చూస్తే తెలియదు. రెండు డిజిటల్ మీటర్లు, వేడీ తేమా రెండూ చూపించే రకం, చెరో మూలన పెట్టండి. రాతి పైభాగానికి దూరం నుంచి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ కావాలి. కోవిడ్ రోజుల్లో నుదుటికి పెట్టినది ఒళ్ళు వేడి చూడడానికి, రాతికి సరిపోదు. ఏసీ మెకానిక్కులు వాడే రకం తీసుకోండి.

బల్బు పింగాణీ హోల్డరులో ఉండాలి, ప్లాస్టిక్‌ది కరుగుతుంది. బల్బు చుట్టూ ఇనప వల తప్పనిసరి, అందితే ఇది ఎక్కి వేలాడుతుంది. 'వేడి రాళ్ళు' అని అమ్మే కరెంటు రాళ్ళ జోలికి పోకండి. పొట్ట కాలినా దీనికి వెంటనే తెలియదు, అక్కడే పడుకుంటుంది.

యూవీబీ ట్యూబు తప్పదా? మనకి కావలసినంత ఎండ ఉందిగా!

తప్పదు, అయితే ఎండ మాట కూడా నిజమే. విడివిడిగా చెప్తాను.

యూవీబీ కిరణం చర్మం మీద పడితేనే ఒంట్లో డి3 విటమిన్ తయారవుతుంది. డి3 లేకపోతే తిన్న కాల్షియం ఎముకకి చేరదు. ఎముకల్లో ఉన్నదాన్ని కూడా ఒళ్ళు రక్తంలోకి లాగేస్తుంది. దవడ మెత్తబడుతుంది, కాలివేళ్ళు వణుకుతాయి, కాళ్ళు ఉబ్బుతాయి, వెన్ను వంగుతుంది. వదిలేసిన డ్రాగన్లలో ఎక్కువగా కనిపించే జబ్బు ఇదే. వంగిన వెన్ను మళ్ళీ నిటారు కాదు, కానీ ఇంకా ముదరకుండా ఆపవచ్చు.

కిటికీ అద్దం యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. కాబట్టి కిటికీ దగ్గర పెట్టాం అన్నది లెక్కలోకి రాదు. ఇంట్లో పొడుగు టీ5 ట్యూబు, 10 లేదా 12 శాతం అని రాసి ఉన్నది కావాలి. పెట్టె పొడవులో సగానికి పైగా కవర్ చెయ్యాలి, వేడి బల్బు ఉన్న పక్కకే ఉండాలి. మధ్యలో జల్లెడ లేకపోతే జంతువు వీపుకి 30 నుంచి 40 సెంటీమీటర్ల ఎత్తు. జల్లెడ ఉంటే కిరణాల్లో మూడో వంతు దాకా తినేస్తుంది, ఇంకొంచెం దగ్గరికి దించాలి. ట్యూబు డబ్బా మీద ఇచ్చిన దూరమే ప్రమాణం. ఏడాదికోసారి మార్చాలి, ఎందుకంటే కంటికి వెలుతురు బాగానే ఉన్నా యూవీబీ ముందే తగ్గిపోతుంది. కొన్న నెల ట్యూబు చివర మార్కరుతో రాయండి. ఆర్కేడియా, జూమెడ్ లాంటి కంపెనీల ట్యూబులు దిగుమతి సరుకు, మొత్తం ఖర్చులో ఇదే బరువు. ప్లైవుడ్‌లో పొదుపు చెయ్యండి, అలంకరణలో చెయ్యండి, ఇందులో మాత్రం వద్దు. చవగ్గా దొరికే చిన్న గుండు 'యూవీఏ యూవీబీ' బల్బుల్లో చాలావాటికి వేడి తప్ప ఇంకేమీ ఉండదు.

ఇక ఎండ. ఏ ట్యూబూ మన పొద్దుటి ఎండకి సాటిరాదు. నవంబరు నుంచి మార్చి దాకా వారంలో నాలుగైదు రోజులు, పొద్దున్న ఎనిమిది తొమ్మిది మధ్య ఓ ఇరవై నిమిషాలు డాబా మీద కూర్చోబెడితే ఆకలి పెరగడం మీకే కనిపిస్తుంది. ఇనప వల బోనులో, సగం మీద గోనెపట్టా నీడతో, మీరు పక్కనే ఉండగా. గాజు తొట్టిలో ఎండలో పెడితే కాసేపట్లోనే చచ్చిపోతుంది. కాకి, గద్ద, పిల్లి, ముంగిస కాచుకుని ఉంటాయి. 'ఫోన్ వచ్చింది, లోపలికి వెళ్ళొచ్చాను' అన్న ఆ రెండు నిమిషాలే చాలు వాటికి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బు కాబట్టి ట్యూబే దిక్కు.

వానాకాలంలో పెట్టెలో తేమ 80 చూపిస్తోంది. ఏం చెయ్యాలి?

కావలసింది 30 నుంచి 40 శాతం. బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్ వైపు వానాకాలంలో అది కలలో మాట. 50 లోపు ఉంచగలిగితే మంచిదే, రాత్రి 60 దాటినా పగలు దిగిపోతే భయపడక్కర్లేదు. అదే పనిగా 70 పైన ఉంటే ఊపిరితిత్తుల జబ్బు, చర్మం మీద పసుపు పెచ్చులు కట్టే శిలీంద్రం పట్టుకుంటాయి. ఆ పసుపు రోగం ఒకదాని నుంచి ఇంకోదానికి అంటుకుంటుంది, ఇంటి వైద్యానికి లొంగదు.

ఇక్కడ మనకి కలిసొచ్చే విషయం ఒకటుంది. 28 డిగ్రీల దగ్గర 85 శాతం తేమ ఉన్న గాలిని 38 డిగ్రీలకి వేడెక్కిస్తే, అందులో నీళ్ళు అంతే ఉన్నా, మీటరు 50 లోపు చూపిస్తుంది. వేడిగాలి ఎక్కువ నీటిని పట్టుకోగలదు కాబట్టి. అంటే వానాకాలంలో వేడి బల్బే మన తేమ తీసే యంత్రం. 'చల్లగా ఉంది కదా' అని చాలామంది సరిగ్గా జూలైలోనే బల్బు ఆపేస్తారు. అదే నెలలో జబ్బు చేస్తుంది.

రాత్రి బల్బు ఆగాక తేమ ఎగబాకుతుంది. సాయంత్రం నీళ్ళ గిన్నె, మిగిలిన ఆకులు తీసెయ్యండి, తడిసిన కాగితం మార్చండి. పాత కంప్యూటరులోంచి తీసిన చిన్న ఫ్యాను పైరంధ్రం దగ్గర గాలి బయటికి లాగేలా బిగిస్తే చాలా తేడా తెలుస్తుంది. గదిలో బట్టలు ఆరేయకండి. తెరిచి ఉన్న పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వెయ్యడం వృథా, ఇది తింటే ప్రమాదం కూడా. గదికి ఏసీ ఉంటే రాత్రి 27 మీద నడిపితే తేమ దిగుతుంది. ఎండాకాలంలో నీళ్ళ కూలరు గాలి మాత్రం ఈ పెట్టె వైపు తిప్పకండి.

కొరాపుట్, సిమిలిగుడ వైపు చలికాలం ఎలా?

అక్కడ లెక్క వేరు. రాత్రి పది డిగ్రీల లోపుకి పోతుంది. వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సెరామిక్ హీటరు పెట్టి, థర్మోస్టాట్ 18 దగ్గర కట్టండి. థర్మోస్టాట్ లేకుండా రాత్రంతా వెలిగించి పడుకోకండి. ప్లైవుడ్ పెట్టె అక్కడ బాగా పనికొస్తుంది, వేడి నిలుపుతుంది.

చలికి ఆరోగ్యమైన డ్రాగన్లు వారాల తరబడి మందకొడిగా పడుకోవడం వాటి స్వభావం. కానీ చిక్కిపోయి మీ దగ్గరికొచ్చినదాన్ని మొదటి చలికాలం అలా పడుకోనివ్వద్దు. వేడీ వెలుగూ తగ్గకుండా చూసి, తినిపించండి.

అడుగున ఇసుక వెయ్యాలా? ఎడారి జంతువు కదా.

వద్దు. పాత పేపరు పరవండి. రెట్ట తెలుస్తుంది, రోజూ మార్చుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. నెలా రెండు నెలలు పోయి, రెట్ట పరీక్ష శుభ్రంగా వచ్చాక, గరుకు టైలో నాపరాయో వేసుకోవచ్చు. గోళ్ళు వాటంతటవే అరుగుతాయి. నున్నటి టైలు మీద కాళ్ళు జారుతాయి, మెత్తబడిన ఎముకలు ఉన్నదానికి అది ఇంకా చెరుపు. నీరసంగా, నీళ్ళు చాలని ఒంటితో ఉన్న జంతువు తిండితోపాటు ఇసుక మింగితే పేగుల్లో అడ్డం పడుతుంది. 'కాల్షియం ఇసుక' అని అమ్మేది అన్నిటికన్నా చెడ్డది, రుచి చూసి మరీ తింటుంది.

లోపల ఇంకేం పెట్టాలి?

జామ కొమ్మ ఒకటి, దాని ఒళ్ళంత లావుది, బల్బు కిందికి ఏటవాలుగా. వేడినీళ్ళు పోసి కడిగి, ఎండలో రెండు మూడు రోజులు ఉంచి. గన్నేరు, జిల్లేడు పెట్టెలోకి రానివ్వకండి. చల్లటి మూలన బోర్లించిన మట్టికుండ పెంకు దాక్కోవడానికి. వెడల్పాటి నాపరాయి కాచుకోవడానికి. అంతే. ఎన్నికల తోరణాల్లాగా ప్లాస్టిక్ తీగలు వేలాడదీసే సరదా ఉంటే అది మనకోసమే, దానికోసం కాదు.

ఆడదైతే మగది లేకుండానే గుడ్లు పెట్టవచ్చు. మూలలన్నీ తవ్వుతూ అస్థిమితంగా తిరుగుతుంటే, లోతైన డబ్బాలో ముద్దకట్టేంత తడిమట్టి నింపి పెట్టండి. పొట్ట నిండుగా ఉండి రెండు రోజులైనా పెట్టలేకపోతే డాక్టరు చూడాలి.

చీమలు, దోమలు, ఎలుకలు?

పెట్టె కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు. మన పిండివంటల డబ్బాలకి చేసేదే. చీమలమందు గీత గియ్యకండి, స్ప్రే కొట్టకండి. మస్కిటో కాయిల్, ప్లగ్గుకి పెట్టే దోమల మందు ఈ గదిలో వద్దు, వాటిలోని పైరెత్రాయిడ్లు సరీసృపాలకి పడవు. సాంబ్రాణి పొగ పూజగదికే పరిమితం చెయ్యండి. రాత్రి పెట్టె మీద దోమతెర కప్పితే సరిపోతుంది. ఎలుకలు వైరు కొరుకుతాయి, దాన్ని పీవీసీ గొట్టంలోంచి తియ్యండి.

ఏ ఆకులు పెట్టాలి?

పెరిగిన డ్రాగన్ తిండిలో నాలుగింట మూడొంతుల పైన ఆకులే. పిల్ల డ్రాగన్లకి తలకిందులు, పురుగులు ఎక్కువ.

మన బజారులో దొరికేవాటిలో ఆవాకు, అదే ఒడియా ఇళ్ళలో చలికాలమంతా వండే సొరిస సాగ, బాగుంటుంది. మునగాకు కాల్షియానికి పెట్టింది పేరు, పెరట్లోనే ఉంటుంది. మందార ఆకు, మందార పువ్వు, మల్బరీ ఆకు, పచ్చిగుమ్మడి తురుము, బీన్స్ సన్నగా తరిగి. రోజూ ఒకటే కాకుండా మార్చి మార్చి. తోటకూర, పాలకూర, బచ్చలి, చుక్కకూర, గోంగూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ, కాల్షియాన్ని కట్టేస్తాయి. వాటి మీదే పెంచితే ఎముకలకి చేటు. బొప్పాయి ముక్క ఎప్పుడైనా చిన్నది. అవకాడో విషం. ఉల్లి, వెల్లుల్లి వద్దు. ఇంట్లో పెద్దవాళ్ళు ప్రేమకొద్దీ పెరుగన్నం, పొఖాళొ (నీళ్ళలో నానిన చద్దన్నం) పెడతామంటారు. బతిమాలి ఆపండి.

బజారు ఆకుల మీద మందు ఉంటుంది, ఉప్పునీళ్ళలో నానబెట్టి రెండు నీళ్ళు మార్చి కడగండి. ఫాస్ఫరస్ కలవని కాల్షియం పొడి చిటికెడు చల్లండి. పిట్టల కొట్లో అమ్మే కటిల్‌బోన్ గీకినా కాల్షియమే. డి3 కలిసిన మందులు, పిల్లల కాల్షియం సిరప్పులు డాక్టరు చెప్పకుండా పొయ్యకండి, డి3 ఎక్కువైనా కిడ్నీలు పాడవుతాయి.

పురుగులు పొలంలో పట్టుకుని పెట్టొచ్చా?

వద్దనే చెప్తాను. రాయగడ, గుణుపురం వైపు పత్తి చేలల్లో ఏ మందు ఎప్పుడు కొట్టారో తెలియదు. మిడత బతికే ఉంటుంది, దాని ఒంట్లో మందు ఉంటుంది. ఇంటి బొద్దింకకి ఎక్కడో ఎవరో మందు పెట్టే ఉంటారు. బల్లిపిల్లల్ని వెయ్యడం కూడా అంతే, వాటి పురుగులు దీనికి ఎక్కుతాయి.

అన్నిటికన్నా ప్రమాదం మిణుగురులు. తొలకరి పడగానే ఇంట్లోకి వస్తాయి కదా, ఒక్కటి చాలు పెద్ద డ్రాగన్‌ని చంపడానికి. వాటి ఒంట్లో గుండెని ఆపే విషం ఉంది, దానికి విరుగుడు లేదు. జూన్ నుంచి పెట్టెకి సన్న దోమల జాలీ తప్పనిసరి.

కీచురాళ్ళు, సూపర్‌వార్ములు, నల్ల సైనిక ఈగ లార్వాలు ఆన్‌లైనులో వస్తాయి. కీచురాళ్ళని కోడిగుడ్ల అట్టలు వేసిన ప్లాస్టిక్ డబ్బాలో, క్యారెట్టు, తవుడు పెట్టి ఇంట్లోనే పెంచుకోవచ్చు. వాటి చప్పుడుకి ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవాలి, అది వేరే సంగతి. పురుగు సైజు డ్రాగన్ రెండు కళ్ళ మధ్య దూరం కన్నా పెద్దది కాకూడదు. తినగా మిగిలిన కీచురాళ్ళని రాత్రి లోపల వదలకండి, నిద్రపోతున్న జంతువుని కొరుకుతాయి.

నీళ్ళు తాగడం ఎప్పుడూ చూడలేదు!

కదలని నీళ్ళని చాలావాటికి గుర్తుపట్టడం రాదు. ముక్కు మీద చుక్క చుక్కగా వేస్తే నాకుతుంది. ఆకులు కడిగిన తడితోనే పెట్టండి. కళ్ళు గుంటలు పడి, చర్మం లాగితే మడత అలాగే నిలిస్తే నీళ్ళు చాలడం లేదని అర్థం. దాని మోచేతుల ఎత్తు దాకా ఉన్న గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు నిలబెట్టండి. తర్వాత గుడ్డతో పూర్తిగా తుడిచి బల్బు కింద పెట్టాలి, వానాకాలంలో మరీ.

జోడీ తెస్తే దానికి తోడుంటుంది కదా?

ఉండదు. ఒంటరి జంతువు. రెండు కలిసి ఒకదాని మీద ఒకటి ఎక్కి పడుకుంటే ప్రేమ అనుకుంటాం, పైనున్నది కిందిదాని వెలుగు దొంగిలిస్తోంది.

కరెంటు పోతే? తుఫాను వస్తే?

రెండు మూడు గంటల కోతకి ఏమీ కాదు. ఇన్వర్టరు ఉంటే యూవీబీ ట్యూబు దాని మీద వెయ్యొచ్చు, వేడి బల్బు వెయ్యకండి, బ్యాటరీ తాగేస్తుంది.

తుఫాను సంగతి వేరు. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ గజపతి జిల్లాని కుదిపేసింది. అటువంటప్పుడు కరెంటు రోజుల తరబడి ఉండదు. అదృష్టం కొద్దీ అక్టోబరులో మన రాత్రులు అంత చల్లగా ఉండవు. హెచ్చరిక రాగానే చివరి భోజనం ఆపెయ్యండి. వేడి లేకుండా కడుపులో తిండి ఉంటే అరగక కుళ్ళుతుంది. ఆరోగ్యమైన పెద్ద డ్రాగన్ కొన్ని రోజులు తినకపోయినా తట్టుకుంటుంది, నీళ్ళు మాత్రం చుక్కలుగా ఇస్తుండండి. పెట్టెని కిటికీకి దూరంగా జరిపి దుప్పటి కప్పండి, గాలి రంధ్రాలు వదిలి. ఇల్లు వదిలి షెల్టరుకి వెళ్ళవలసి వస్తే గట్టి అట్టపెట్టెకో మూత ఉన్న బుట్టకో రంధ్రాలు పెట్టి ముందే సిద్ధం చేసుకోండి. చలివేస్తే వేడినీళ్ళ సీసా, రెండు పొరల గుడ్డ చుట్టి. కరెంటు వచ్చాక ఒక రోజంతా ఒళ్ళు కాచుకోనిచ్చి అప్పుడు పెట్టండి.

ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఫరవాలేదా?

సరీసృపాల రెట్టలో సాల్మొనెల్లా అనే, మనుషులకి జబ్బు చేసే బ్యాక్టీరియా ఉంటుంది, జంతువు ఆరోగ్యంగా ఉన్నా సరే. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. దాని గిన్నెలు వంటింటి సింకులో తోమకండి, వంటింట్లో తిప్పకండి. అయిదేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, బాగా ముసలివాళ్ళు ముట్టుకోకపోవడమే మంచిది. అలాంటి ఇల్లయితే వేరే ఇల్లు వెతకడానికి మొహమాటపడకండి.

డాక్టరు ఎక్కడ దొరుకుతారు?

మన ఊళ్ళ పశువుల ఆసుపత్రుల్లో ఆవులు, మేకలు, కోళ్ళు చూస్తారు. రెట్ట పరీక్ష అక్కడే అవుతుంది, సూక్ష్మదర్శిని అదే. ఎక్స్‌రే, ఎముకల జబ్బు, గుడ్డు అడ్డం పడడం లాంటివాటికి భువనేశ్వర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం పశువైద్య కళాశాల, ఆంధ్రా వైపు విజయనగరం జిల్లా గరివిడిలోని పశువైద్య కళాశాల ఉన్నాయి. బయల్దేరే ముందు ఫోన్ చేసి సరీసృపాలు చూసే డాక్టరు ఆ రోజు ఉన్నారా అని కనుక్కోండి. ప్రయాణంలో గుడ్డ సంచిలో వేసి, సంచిని అట్టపెట్టెలో పెట్టండి. చీకట్లో శాంతంగా ఉంటుంది. తూకాల కాగితం, పెట్టె ఫొటో, ట్యూబు డబ్బా ఫొటో వెంట తీసుకెళ్ళండి. డాక్టరు మొదట అడిగేవి అవే.

పెంచలేకపోతున్నాం. కొండల్లో వదిలేస్తే బతకదా?

వదలకండి. వానాకాలం దాటదు, దాటేలోపు మన తొండలకి తన రోగాలు అంటించవచ్చు. పరాయి దేశపు జంతువుని అడవిలో వదలడం నేరం కూడా. ఫారెస్టు ఆఫీసుకి చెప్పండి, కాగితం ఉంది కాబట్టి మిమ్మల్ని అనుమానించరు. పెంచడం తెలిసిన ఇంకో ఇల్లు దొరికితే పెట్టె, ట్యూబు, తూకాల క్యాలెండరు, ముద్ర వేసిన నకలు అన్నీ జంతువుతోనే పంపండి.